బండలా, ఇసుకా? విశాఖ ఒడ్డున గాలానికి ఏది మేలు

మొన్న ఆదివారం తెల్లవారి ఐదున్నరకి జోడుగుళ్ళపాలెం బండల దగ్గర ఒక కుర్రాడు కనిపించాడు. గాలం కొత్తగా కొనుక్కున్నట్టున్నాడు. చేతిలో తొమ్మిది అడుగుల రాడ్, డబ్బాలో ఆరు ల్యూర్లు, అంటే చేపని మోసం చేసే ఉత్తుత్తి ఎరలు. ఏడింటికల్లా డబ్బా ఖాళీ. ఆరూ బండల సందుల్లోనే ఉండిపోయాయి, ఒక్కోదానితో కొంత దారం కూడా. "అన్నా, ఇక్కడ కాకపోతే ఎక్కడ వెయ్యాలి?" అని అడిగాడు. ఎండెక్కుతోంది, ఇద్దరం ఇంటికి పోయే తొందరలో ఉన్నాం, నాలుగు ముక్కలు చెప్పి వచ్చేశాను. అప్పుడు చెప్పలేకపోయినవన్నీ కలిపి ఇప్పుడు రాస్తున్నాను.

మన ఒడ్డు మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి రోడ్డు పట్టుకుని పోతే కాసేపు ఇసుక, కాసేపు బండలు, మళ్ళీ ఇసుక. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెంలో, మంగమారిపేట దగ్గర బండలు. సాగర్ నగర్, రుషికొండ వైపు పొడుగాటి ఇసుక. అందుకే కొత్తవాళ్ళందరికీ ఇదే ప్రశ్న వస్తుంది: బండల మీద నిలబడి ల్యూర్ విసరాలా, ఇసుకలో నిలబడి ఎర వెయ్యాలా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది ఇసుకే మేలు. చేపలు ఎక్కువ పడతాయని కాదు. పెద్ద చేప పడే అవకాశం బండల దగ్గరే ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. నా లెక్క వేరు: ఇంటి నుంచి తీసుకెళ్ళిన దారంలో ఎంత మళ్ళీ ఇంటికి వస్తోంది? ఆ లెక్కలో ఇసుక చాలా ముందుంది.

ఇసుక మీద

ఇసుక బీచ్ దూరం నుంచి చూస్తే అంతా ఒకేలా ఉంటుంది. పది నిమిషాలు కదలకుండా నిలబడి చూడండి. అల ఒకచోట తెల్లగా విరుగుతుంది, పక్కనే ఇరవై అడుగుల మేర విరక్కుండా, కాస్త ముదురు రంగులో ఒడ్డుదాకా వచ్చేస్తుంది. విరగని చోట లోతుంది. చేప తిరిగేది ఆ లోతులోనే. గాలం వేసేవాళ్ళు వంద మీటర్లు విసరాలని భుజాలు నొప్పెట్టుకుంటారు గానీ, చాలాసార్లు చేప ముప్పై నలభై మీటర్లలోనే ఉంటుంది. ఇంకో సంగతి: ఆ విరగని నీరే మనిషిని లోపలికి లాక్కుపోయే ప్రవాహం కావచ్చు. గాలం అందులో వెయ్యండి, మీరు మాత్రం మోకాలు దాటి దిగొద్దు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు వాలు నిటారుగా ఉంటుంది, అక్కడ ఈ మాట రెండింతలు గుర్తుపెట్టుకోవాలి.

ఈ లోతులు ఒకేచోట ఉండవు. మన తీరంలో నైరుతి గాలుల కాలంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బర్ కట్టలు దాన్ని ఆపేస్తాయి కాబట్టి ఆర్కే బీచ్ కోతకి గురవుతుంది, పోర్టు డ్రెడ్జర్ తవ్విన ఇసుకని అటు పంపు చేస్తుంటారు. పోయిన సంవత్సరం గొరక చేపలు పడిన చోట ఈ సంవత్సరం మోకాలి లోతు కూడా లేకపోవచ్చు. పాత జ్ఞాపకంతో వెళ్ళకండి, ప్రతిసారీ కొత్తగా చూసుకోండి.

సామాను సులువు. పన్నెండు అడుగుల రాడ్, 6000 సైజు రీలు, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల నైలాన్ దారం, వంద గ్రాముల పైన సీసం గుండు. విసిరేటప్పుడు తెగకుండా ముందు భాగంలో మందపాటి దారం కట్టాలి. పాతవాళ్ళ లెక్క ఔన్సు బరువుకి పది పౌన్ల బలం. అంటే నాలుగు ఔన్సుల గుండుకి 40 పౌన్ల దారం. అది రీలు మీద నాలుగైదు చుట్లు పడేంత పొడవుండాలి. ఇది లేక గుండు తెగి ఎగిరితే ఎదురుగా స్నానం చేసేవాళ్ళ తల పగులుతుంది. జనం ఉన్న చోట అసలు విసరొద్దు.

ఎరకి రొయ్య చాలు, కవళ్ళు చేప ముక్క ఇంకా గట్టిగా నిలుస్తుంది. అల వెనక్కి తగ్గినప్పుడు ఇసుకలోకి వెనక్కి దూరిపోయే గోరంత గట్టి డొప్ప జీవులుంటాయి, పిల్లలు చేతులతో తవ్వి పడుతుంటారు. ఒడ్డు చేపలు వాటిని ఇష్టంగా తింటాయి. ఆ పూటకి కావలసిన నాలుగైదే తీసుకోండి.

పడేవి ఎక్కువగా జెల్లలు, గొరకలు, చిన్న పారలు. అప్పుడప్పుడు టేకు చేప. జెల్ల పడితే గాలం తియ్యడానికి ముందు ఆగండి. వీపు మీద ఒకటి, పక్కరెక్కలకి రెండు ముళ్ళుంటాయి, వాటిలో విషం ఉంటుంది. పోయినేడు ఒకటి జారి నా బొటనవేలి మొదట్లో దిగింది. రక్తం రెండు చుక్కలే, నొప్పి మాత్రం మోచేతి దాకా పాకింది. పక్కన టీ కొట్టు ఆవిడ గిన్నెలో వేడి నీళ్ళు పోసి, "చెయ్యి ముంచి ఉంచు నాయనా, కాలకుండా చూసుకో" అంది. ఆ విషం వేడికి విరుగుతుంది, భరించగలిగినంత వేడి చాలు. అరగంటకి నొప్పి సగం తగ్గింది, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళి ముల్లు ముక్క లోపల ఉందేమో చూపించుకున్నాను. అప్పట్నుంచి సంచిలో పొడుగు ముక్కు పట్టకారు లేకుండా బయల్దేరను.

బండల మీద

బండల దగ్గర నీరు లోతుగా ఉంటుంది, చిన్న చేపలు సందుల్లో దాక్కుంటాయి, వాటి కోసం పారలూ పండుగొప్పలూ వస్తాయి. ఎనిమిది తొమ్మిది అడుగుల రాడ్, 4000 సైజు రీలు, 20 లేదా 30 పౌన్ల బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన దారం), దాని చివర 40 పౌన్ల లీడర్ (ల్యూర్‌కి ముందు కట్టే మందపాటి దారం ముక్క), 20 నుంచి 40 గ్రాముల ల్యూర్. పార ఒకటి కొట్టిందంటే రీలు చేసే శబ్దం ఒళ్ళంతా తెలుస్తుంది. ఇసుక మీద ఏడాదంతా నిలబడినా ఆ దెబ్బ రాదు. నేను కూడా అందుకే బండలెక్కుతాను.

కానీ దానికి చెల్లించేది ఎక్కువ. ఒక మాదిరి ల్యూర్ నాలుగైదు వందలు. బండలకి అంటుకున్న చిప్పలు బ్లేడు లాంటివి, నాచు సబ్బు లాంటిది. అల ఎక్కే ఎత్తు ప్రతిసారీ ఒకటే ఉండదు. పావుగంట పైనుంచి చూసి, ఆ పావుగంటలో అతి పెద్ద అల ఎక్కడిదాకా తడిపిందో దానికి పైన మాత్రమే నిలబడాలి. పోటు ఎక్కుతుంటే వెనక దారి మూసుకుపోతుందా లేదా ముందే చూసుకోవాలి. సముద్రానికి వీపు తిప్పొద్దు, ఒంటరిగా వెళ్ళొద్దు, లైఫ్ జాకెట్ వేసుకోడానికి సిగ్గుపడొద్దు. అమావాస్యకీ పౌర్ణమికీ పోట్లు పెద్దవి, అష్టమి నవములకి చిన్నవి. బండల మీద కొత్తవాళ్ళు చిన్న పోట్ల రోజుల్లో మొదలుపెట్టడమే క్షేమం. డాల్ఫిన్స్ నోస్ కొండ చుట్టూ, పోర్టు కట్టల మీద మంచి చోట్లున్నాయని ఎవరైనా చెప్తారు. అవి నేవీ, పోర్టు జాగాలు. అటు వద్దు.

బ్రెయిడా, నైలానా?

కొత్తవాళ్ళు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. ఒకే బలానికి బ్రెయిడ్ మందం నైలాన్‌లో ఇంచుమించు సగం. గాలి కోసుకుని దూరం పోతుంది, అసలు సాగదు, అవతల చేప ముక్కు తగిలినా చేతికి తెలుస్తుంది. నైలాన్ సాగుతుంది, దూరం తగ్గుతుంది. ఇంతవరకు చూస్తే బ్రెయిడే గెలిచింది.

బండకి రాసుకుంటే లెక్క తిరగబడుతుంది. బిగుసుకున్న బ్రెయిడ్ చిప్ప అంచుకి తగిలితే ఒక్క క్షణంలో తెగుతుంది. మందంగా ఉన్న నైలాన్ గీతలు పడినా కాసేపు ఓర్చుకుంటుంది. కాబట్టి బండల మీద బ్రెయిడ్ వాడేవాళ్ళు నీళ్ళలో బండని తాకే భాగమంతా మందపాటి లీడర్ ఉండేలా చూసుకోవాలి, ఒకటిన్నర మీటరుకి తగ్గకుండా. బ్రెయిడ్‌ని లీడర్‌తో కలిపే ముడి ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఇరవైసార్లు వేసి, లాగి చూసి నేర్చుకోవాల్సిందే. ముడి రానివాళ్ళకి ఇసుక, నైలాన్. ఎండాకాలం దక్షిణపు గాలికి ప్రవాహం దారాన్ని పక్కకి ఈడ్చేస్తుంది. అప్పుడు ఇసుక మీద కూడా సన్నటి బ్రెయిడే నయం, అదొక్కటి మినహాయింపు.

ఏది కొన్నా ఇంటికొచ్చాక రీలు డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం ఎంత వదలాలో అదుపు చేసే మర) బిగించి, సన్నటి మంచినీళ్ళ ధార కింద కడిగి, ఆరబెట్టి, డ్రాగ్ వదులు చేసి పెట్టండి. ఉప్పు రెండు నెలల్లో బేరింగ్ తినేస్తుంది.

తెగిన దారం ఎవరి మీద పడుతుంది

నా అభిప్రాయం మారింది చేపల వల్ల కాదు. మూడేళ్ళ కిందట బండల మీద ల్యూర్ పట్టేసింది. గట్టిగా లాగితే రీలు దగ్గరే తెగిపోయింది. ఎనభై మీటర్లు పోయిందే అని డబ్బు గురించి బాధపడుతూ కూర్చున్నాను. కొంచెం అవతల తెప్ప దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన రమ్మని పిలిచాడు. ఒళ్ళో ఉన్న వలలో నాలాంటివాళ్ళు వదిలిన దారం జానెడు ముద్దగా చుట్టుకుని ఉంది, మధ్యలో తుప్పు పట్టిన గాలం, దానికి చచ్చిన పీత. వల కన్నుల్లోంచి ఆ దారం కోస్తూ అన్నాడు: "నువ్వు తెంపేసి ఇంటికెళ్ళిపోతావు బాబూ. నా వల ఇక్కడే ఉంటాది." "తప్పయిపోయింది తాతా" అన్నాను, ఇంకేమీ అనలేకపోయాను. ఆ ముద్ద విడదియ్యడానికి ఇద్దరికీ గంటపైనే పట్టింది.

నైలాన్ నీళ్ళలో కుళ్ళదు, వందల ఏళ్ళు అలాగే ఉంటుంది. బండల దగ్గర గాలం వేసేటప్పుడు ఆ రోజు నుంచి నేను చేస్తున్న పని ఒకటే. ఎర వేసే రోజు సీసం గుండు బదులు పాత ఇనుము కొట్లో తూకానికి కొన్న నట్టు కడతాను. దాన్ని అసలు దారానికి కాక, జానెడు పొడవున్న పల్చటి 8 పౌన్ల దారంతో విడిగా కడతాను. నట్టు సందులో పట్టేస్తే ఆ పల్చటి దారమే తెగుతుంది. గాలం, లీడర్, మిగతా దారమంతా వెనక్కి వస్తుంది. నట్టు తుప్పు పట్టి పోతుంది, సీసంలా విషం కాదు. విసురు మాత్రం నెమ్మదిగా ఉండాలి, గట్టిగా విసిరితే ఆ దారం గాల్లోనే తెగుతుంది. దీన్ని నేర్చుకున్నాక బండల మీద నేను పోగొట్టే దారం మూరల్లోకి వచ్చింది.

ఇసుకకీ దాని బాధ్యత ఉంది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన బీచ్‌లకి వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. తెల్లటి టార్చి వెలుగు పడితే తల్లి తాబేలు వెనుదిరిగిపోతుంది, పిల్లలు దారి తప్పుతాయి. ఆ మూడు నెలలూ రాత్రి గాలం మానేసి పొద్దున్నే వెళ్తాను. మత్స్యకారులు అలివి వల (ఒడ్డుకి లాగే పెద్ద వల) లాగుతున్నప్పుడు గాలం తీసి పక్కకి జరగడం కూడా ఇసుక మర్యాదే. వాళ్ళది బతుకు, మనది సరదా.

పడవ సంగతి అడిగేవాళ్ళుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం, 61 రోజులు. ఒడ్డు గాలానికి అది వర్తించకపోయినా ఆ రోజుల్లో నేను పట్టినవి వదిలేస్తాను. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట మంచి పండుగొప్పలుంటాయి. పండుగొప్ప మగగా పెరిగి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. అంటే పెద్దదాన్ని చంపితే గుడ్లు పెట్టే తల్లిని చంపినట్టే. నేను మధ్యరకం ఒకటి ఉంచుకుని, పెద్దది వదులుతాను. మొన తిరిగి కాడ వైపు వంగి ఉండే సర్కిల్ గాలం వాడితే అది గొంతులో కాకుండా పెదవి మూలలో దిగుతుంది, వదిలాక చేప బతుకుతుంది. చేప లాగినప్పుడు రాడ్ ఎత్తి కొట్టకూడదు, ఊరికే రీలు తిప్పితే చాలు. మొప్ప రేకు అంచు మాత్రం పదును, అక్కడ వేలు పెట్టకండి.

అమావాస్య మర్నాడు పాటు బాగా దిగినప్పుడు జోడుగుళ్ళపాలెం బండల దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఆ కుర్రాడిని కూడా రమ్మన్నాను. చేతికి తొడుగులు, ఒక పొట్టి కర్ర, ఒక సంచి. దారాన్ని చేతికి చుట్టుకుంటే కోసేస్తుంది, కర్రకి చుట్టి లాగాలి. గంటన్నరలో సంచి సగం నిండింది, అందులో వాడి ల్యూర్లు రెండు దొరికాయి. వచ్చే ఆదివారం సాగర్ నగర్ ఇసుకలో కలుద్దాం అనుకున్నాం. రొయ్యలు వాడు తెస్తానన్నాడు.