థైరాయిడ్ మాత్ర: టీ4 ఒక్కటే చాలా, టీ3 కూడా కలపాలా?

"నాకు థైరాయిడ్ ఉంది" అని మామూలుగా అనేస్తుంటాం. నిజానికి థైరాయిడ్ అందరికీ ఉంటుంది. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి అది. ఆ మాట అనేవాళ్లలో ఎక్కువమందికి ఉన్న ఇబ్బంది, ఆ గ్రంథి సరిపడా హార్మోన్ తయారు చేయకపోవడం. లోటును మాత్రతో పూడ్చాలన్న విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు. ఏ మాత్రతో అన్న దగ్గరే పేచీ. ఈ గ్రంథి తయారు చేసే హార్మోన్లు రెండు, టీ4, టీ3. మాత్రగా టీ4 ఒక్కటే చాలని చాలామంది డాక్టర్లు అంటారు. టీ3 కూడా కలిపాకే నీరసం పోయిందని కొందరు పేషెంట్లు చెబుతారు. జంతువుల గ్రంథిని ఎండబెట్టి చేసిన పొడి సహజం కాబట్టి అదే మేలని ఇంకొందరి నమ్మకం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి టీ4 ఒక్కటే, అంటే లెవోథైరాక్సిన్ మాత్రే మేలు. ఎందుకో తెలియాలంటే ఒంట్లో ఈ హార్మోన్ల వ్యవహారం ఎలా నడుస్తుందో చూడాలి.

థైరాయిడ్ గ్రంథి విడుదల చేసేది చాలావరకు టీ4. సుమారు 14 పాళ్లు టీ4 ఉంటే టీ3 ఒక పాలు. టీ4లో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి, కానీ దానంతట అది చేసే పని తక్కువ. కాలేయం, మూత్రపిండాలు, మెదడు, కండరాలు అందులోంచి ఒక అయోడిన్‌ను తీసేసి టీ3గా మార్చుకుంటాయి. కణాల్లో అసలు పని చేసేది ఆ టీ3. మన ఒంట్లో రోజూ తయారయ్యే టీ3లో దాదాపు 80 శాతం గ్రంథిలో కాదు, ఇలా బయటే పుడుతుంది. ఎంత మార్చుకోవాలో ఆయా అవయవాలే తేల్చుకుంటాయి. పస్తులున్నప్పుడు, పెద్ద జబ్బు చేసినప్పుడు శరీరం టీ3 తయారీని తగ్గించేస్తుంది. అదే టీ4 నుంచి వేరే అయోడిన్‌ను తీసేసి, పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. నాకు ఈ ఏర్పాటు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే.

పైన మరో కాపలా ఉంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే టీఎస్‌హెచ్ అనే తన హార్మోన్‌ను పెంచి థైరాయిడ్‌ను తొందరపెడుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. పిట్యూటరీకి ఆదేశం ఇచ్చేది మెదడులోని హైపోథాలమస్ అనే భాగం. ఈ కాపలా ఎంత చురుకైనదంటే, టీ4 కొంచెం తగ్గినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. మోతాదు సరిపోయిందా లేదా అని డాక్టర్లు ముందుగా టీఎస్‌హెచ్ చూసేది అందుకే.

మరి టీ4 మాత్ర వేసుకుంటే టీ3 నిజంగా తయారవుతుందా? 1970లో బ్రేవర్‌మన్, ఇంగ్‌బార్, స్టెర్లింగ్ అనే పరిశోధకులు ఈ సందేహం తీర్చారు. థైరాయిడ్ పనిచేయనివాళ్లకు టీ4 మాత్రమే ఇచ్చినా వాళ్ల రక్తంలో టీ3 కనిపించింది. అంటే టీ4 మాత్ర ముడిసరుకు అందిస్తుంది, మిగతా నిర్ణయం శరీరానికే వదిలేస్తుంది. టీ3 మాత్ర వేసుకుంటే ఆ నిర్ణయంలో కొంత భాగాన్ని మనం లాగేసుకున్నట్టే.

రోజువారీ వాడకంలోనూ తేడా పెద్దదే. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. ఒక రోజు మాత్ర మర్చిపోయినా కొంప మునగదు. టీ3కి దాదాపు ఒక్క రోజే. పైగా మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో అది ఒక్కసారిగా పెరిగి, తర్వాత పడిపోతుంది. ఆ పెరిగిన వేళ కొందరికి గుండె దడ, చేతుల వణుకు. ఎక్కువైన మోతాదు ఏళ్ల తరబడి సాగితే గుండె లయ తప్పే, ఎముకలు గుల్లబారే ముప్పు ఉంది.

గ్రంథి పొడి మీద నాకు గౌరవమే. 1891లో జార్జ్ మర్రే అనే ఇంగ్లండ్ డాక్టర్ గొర్రె థైరాయిడ్ సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఒక పేషెంట్‌ను కాపాడారు. ఆమె ఆ చికిత్సతో మరో 28 ఏళ్లు బతికింది. కానీ ఇప్పుడు దొరికే పొడి ఎక్కువగా పంది గ్రంథి నుంచి వస్తుంది. అందులో టీ4, టీ3 సుమారు నాలుగుకు ఒకటి. పందికి సహజమైన పాళ్లు మనిషికి సహజం కావు. అందుకే నా ఎంపికలో దీన్ని చివర పెడతాను.

అయితే టీఎస్‌హెచ్ సరిగ్గా ఉన్నా నీరసం, మతిమరుపు వదలనివాళ్లు ఉన్నారు. "రిపోర్టు నార్మల్, మీకేం లేదు" అని వాళ్లను పంపేయడం అన్యాయం. టీ4, టీ3 కలిపి ఇస్తే మేలు కనిపించిందని 1999లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. తర్వాత జరిగిన పరీక్షల్లో సగటున చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. సగటు సరే, కొందరికి మాత్రం కలిపిన మందే నచ్చింది. వాళ్ల మాటను కొట్టిపారేయలేం.

టీ3 కలిపే ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. మాత్ర పరగడుపున వేసుకుంటున్నారా? ఐరన్, కాల్షియం మాత్రలకు దీనికి మధ్య నాలుగు గంటల ఎడం ఉందా? రక్తహీనత, బీ12 లోపం, నిద్రలో శ్వాస ఆగే జబ్బు లేవని తేలిందా? చాలాసార్లు చిక్కు ఇక్కడే విడిపోతుంది. ఇవన్నీ చూశాక కూడా బాగుండకపోతే ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) పర్యవేక్షణలో, టీ4 కాస్త తగ్గించి, కొద్దిపాటి టీ3ని రోజుకు రెండు విడతలుగా కొన్ని నెలలు వాడి చూడటం న్యాయమైన ప్రయత్నమే. మేలు కనిపించకపోతే మానేయాలి.

గర్భిణులకు మాత్రం ఈ ప్రయోగం వద్దు. కడుపులోని బిడ్డ మెదడు తల్లి రక్తంలోని టీ4 తీసుకుని, తనే టీ3గా మార్చుకుంటుంది. తల్లి మింగిన టీ3 ఆ లోటు తీర్చలేదు. గ్రంథి పొడి వాడుతున్నవాళ్లు కూడా గర్భం కోసం ప్రయత్నిస్తుంటే ముందే డాక్టర్‌తో మాట్లాడి టీ4కి మారాలి. గర్భం నిలిచాక టీ4 మోతాదు సాధారణంగా మూడో వంతు దాకా పెంచాల్సి వస్తుంది కాబట్టి, తెలిసిన వెంటనే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి.