భీమవరంలో జపాన్ శాండ్‌విచ్, అదీ మన రొయ్యతో

నిన్న మధ్యాహ్నం తమ్ముడితో కలిసి భీమవరంలో కొత్తగా పెట్టిన జపనీస్ శాండ్‌విచ్ షాపుకి వెళ్లాను. వెళ్తే ఎబి కాట్సు సాండో తీసుకోండి. రొయ్యలు ముతకగా తరిగి, ముద్ద చేసి, పాంకో అనే గరుకు బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించి, అంచులు తీసేసిన మెత్తటి పాల బ్రెడ్ మధ్య పెట్టి ఇస్తారు. కొరికితే పైన కరకర, లోపల రొయ్య తియ్యగా, ముక్కలుగా తగులుతుంది. చెరువుల ఊరు కదా, సరుకు తాజాదని మొదటి ముక్కకే తెలిసిపోయింది. అందులో వేసే వాసాబి (జపాన్ వాళ్ల ఘాటైన పచ్చ ముద్ద) మయోనైజ్ ఘాటు మన ఆవపిండిలాగే నేరుగా ముక్కుకి ఎక్కుతుంది, ఆవకాయ తినేవాళ్లకి భలే నచ్చుతుంది. గుడ్డు శాండ్‌విచ్ మాత్రం వద్దు, చప్పగా ఉంది, బ్రెడ్ కూడా తడిసిపోయింది. 20 నిమిషాలు ఆగాల్సి వచ్చింది, 240 రూపాయలంటే కొంచెం ఎక్కువే, అయినా ఆదివారం అమ్మని తీసుకెళ్తున్నా.