ఫాల్ట్ కోడ్ యాప్ సమీక్ష: చెన్నైలో రెండు ఎండాకాలాలు వాడాక

ఏసీ, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, డిష్‌వాషర్ల ఎర్రర్ కోడ్లు ఒకచోట చేర్చి మా సర్వీసు షాపు కోసం చేయించుకున్న ఆండ్రాయిడ్ యాప్ ఇది. ఫ్లట్టర్ అనే యాప్‌లు రాసే సాధనంతో రాయించాం. డేటా అంతా ఫోన్లోనే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైలుగా ఉంటుంది. వేళచ్చేరి, పెరుంగుడి, తిరువాన్మియూర్ వైపు తిరిగే ఐదుగురు టెక్నీషియన్ల ఫోన్లలో రోజూ నడుస్తోంది. ప్లే స్టోర్‌లో లేదు కాబట్టి లింకు అడగొద్దు. ఇలాంటిది చేయించుకోవాలనుకునే మెకానిక్‌లకీ, రాసిపెట్టే డెవలపర్లకీ పనికొచ్చే సంగతులు చెప్పడానికే ఈ సమీక్ష.

మొదటి వెర్షన్ కొట్టిన దెబ్బతో మొదలుపెడతాను. అందులో కోడ్ కొడితే పార్టు పేరు వచ్చేది. ఎల్‌జీ మెషీన్‌కి ఐఈ కొడితే ‘ఇన్‌లెట్ వాల్వ్’, ఓఈ కొడితే ‘డ్రెయిన్ పంప్’, డైకిన్ ఏసీకి యూ4 కొడితే ‘పీసీబీ’ (సర్క్యూట్ బోర్డు). చూడ్డానికి బాగుంటుంది, జేబుకి చిల్లు పెడుతుంది. ఐఈ అంటే నీళ్ళు అనుకున్న టైములో నిండలేదని మాత్రమే అర్థం. ఎందుకు నిండలేదో మెషీన్‌కి తెలియదు. పై అంతస్తు ఫ్లాటులో ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు కుళాయికి 2, 3 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మీటరు ఎత్తుకి దాదాపు 0.1 బార్ చొప్పున అక్కడ వచ్చే ప్రెజర్ 0.2, 0.3 బార్. ఫ్రంట్ లోడ్ మెషీన్లు మోడల్‌ని బట్టి కనీసం 0.3 నుంచి 1 బార్ దాకా అడుగుతాయి. అక్కడ ఎన్ని వాల్వులు మార్చినా ఐఈ మళ్ళీ వస్తుంది. కావలసింది చిన్న ప్రెజర్ బూస్టర్ పంపు, లేదా వాల్వు మూతిలోని జల్లెడ కడిగి చూడటం. ట్యాంకర్ నీళ్ళు వాడే అపార్ట్‌మెంట్లలో ఆ జల్లెడ ఇసకతో మూసుకుపోవడం మామూలే.

అందుకే రెండో వెర్షన్‌లో పార్టు పేరు పేజీ అడుగుకి పోయింది. పైన ఏం కొలవాలి, ఎక్కడ కొలవాలి, ఎంత రావాలి అన్నవి వచ్చాయి. మీటరుతో రెసిస్టెన్స్ కొలిస్తే వాల్వు కాయిల్ 3.5 నుంచి 4.5 కిలోఓమ్‌లు. 230 వోల్టుల డ్రెయిన్ పంపు 150 నుంచి 200 ఓమ్‌లు. 2000 వాట్ల హీటర్ సుమారు 26 ఓమ్‌లు. పంపు కాయిల్ సరిగ్గా చూపిస్తూ, మూలిగి తిరగకపోతే ఫిల్టర్ విప్పి ఇంపెల్లర్ (నీళ్ళని తోసే రెక్కల చక్రం) చూడమంటుంది. నాణెమో, హెయిర్‌పిన్నో దొరుకుతుంది. ఈ ఒక్క మార్పుతోనే యాప్ వాడదగ్గదైంది.

యూ4 పేజీ మీద అన్నిటికన్నా ఎక్కువ పని పడింది, ఎక్కువ కాపాడిందీ అదే. యూ4 అంటే ఇండోర్‌కీ అవుట్‌డోర్‌కీ మధ్య మాట తెగిపోవడం. ఇప్పుడా పేజీ చెప్పే వరుస ఇది: అవుట్‌డోర్ టెర్మినల్‌లో 1, 2 మధ్య 230 వోల్టులు ఉన్నాయా. 1, 2, 3 వైర్లు రెండువైపులా అవే నంబర్లకి బిగించి ఉన్నాయా (ఇల్లు మారి ఏసీ విప్పి మళ్ళీ పెట్టించిన చోట ముందు అనుమానించాల్సింది దీన్నే). మధ్యలో టేపు చుట్టిన జాయింటు ఉందా. ఎండాకాలమంతా ఊరుకుని, అక్టోబరు, నవంబరు వానలు పడగానే యూ4 చూపించే ఏసీల్లో గోడ అవతలి జాయింటే దొంగ. ఇవన్నీ బాగుంటే అవుట్‌డోర్ పీసీబీ మీద పచ్చ ఎల్‌ఈడీ చూడాలి. అది మిణుకుతుంటే బోర్డు బతికే ఉంది, సిగ్నల్ దారి వెతకాలి.

మిణకకపోతే చాలామంది బోర్డు తీసి సంచిలో వేసుకుంటారు. అక్కడ ఆగమని యాప్ ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. అవుట్‌డోర్ డీసీ ఫ్యాన్ మోటార్ లోపల షార్టయినా బోర్డు సప్లై కిందికి పడిపోయి ఎల్‌ఈడీ ఆరిపోతుంది. కరెంటు తీసి, డీసీ బస్ కెపాసిటర్ల (బోర్డు మీద కరెంటు నిల్వ ఉండే పెద్ద డబ్బాలు) మీద వోల్టేజీ 50 లోపు దిగిందని మీటరుతో చూసుకుని (నడిచేటప్పుడు అది 320 దరిదాపుల్లో ఉంటుంది, వేలు పెట్టే చోటు కాదు), మోటార్ కనెక్టర్ ఊడదీసి, మళ్ళీ కరెంటు ఇవ్వాలి. ఎల్‌ఈడీ మిణకడం మొదలైతే పోయింది మోటారే. చూడకుండా కొత్త బోర్డు పెడితే అదీ అదే దారి పడుతుంది. కరెంటు ఉండగా ఆ కనెక్టర్ పీకినా, పెట్టినా బాగున్న మోటార్ కూడా చావొచ్చు. ఈ హెచ్చరిక మొదట పేజీ చివర ఉండేది. పేజీ చివరిదాకా ఎవరు చదువుతారు? ఇప్పుడు ఆ స్టెప్పులోనే ఉంది, ‘చదివాను’ అని నొక్కితే గాని తర్వాతి స్టెప్పు తెరుచుకోదు. విసుగే, కానీ తీసెయ్యమని ఎవరూ అడగలేదు.

డైకిన్‌లో కోడ్ తెలుసుకునే పద్ధతి కూడా అదే పేజీలో పెట్టించాం. రిమోట్‌లో టైమర్ క్యాన్సిల్ బటన్ 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే 00 మిణుకుతుంది. మళ్ళీ మళ్ళీ నొక్కుతూ పోతే కోడ్లు మారతాయి. పొడుగు బీప్ వచ్చిన చోట ఆగితే అదే అసలు కోడ్. పొట్టి బీప్, రెండు బీప్‌లు వస్తే అది కాదని.

వెతకడం దగ్గర డెవలపర్‌కి తట్టని చిక్కు ఒకటి ఉంది. మెషీన్ మీద వెలిగే అక్షరాలు ఏడు గీతల డిస్‌ప్లేవి. శామ్‌సంగ్‌లో నీళ్ళు పోవడం లేదని చెప్పే 5ఈ కస్టమర్ కంటికి ఎస్‌ఈగా కనిపిస్తుంది, ఫోన్లో అలాగే చెబుతారు. సున్నాకీ ఓకీ, 6కీ చిన్న బీకీ, 1కీ ఐకీ ఇదే గొడవ. యాప్‌లో ఏది కొట్టినా ముందు ఒకే రూపానికి మార్చి, ఆ తర్వాత వెతికేలా చేయిస్తేనే సరిపోయింది. దాంతోపాటు శామ్‌సంగ్ కొత్త మోడళ్ళలో చివరి ఈ పోయి సీ వచ్చింది: 4ఈ ఇప్పుడు 4సీ, 5ఈ ఇప్పుడు 5సీ. పాతది కొట్టినా కొత్తది కొట్టినా ఒకే పేజీ రావాలి.

దీనికి తలకిందులైన తప్పు ఇంకా ప్రమాదం. బ్రాండు అడగకుండా కోడ్ ఒక్కటే తీసుకునే యాప్‌ని నమ్మొద్దు. ఎల్‌ఈ అంటే ఎల్‌జీలో మోటార్ తిరగడం లేదని, శామ్‌సంగ్ ఫ్రంట్ లోడ్‌లో నీళ్ళు కారుతున్నాయని. మొదటిదానికి రోటర్ (మోటార్లో తిరిగే భాగం), అది తిరుగుతోందో లేదో చెప్పే హాల్ సెన్సార్ చూడాలి, రెండోదానికి అడుగు ట్రే చూడాలి. ఎల్‌జీలో సీఎల్ కనిపిస్తే అది చైల్డ్ లాక్, అసలు ఫాల్టే కాదు. ఇలాంటివాటికి ‘ఫోన్లోనే చెప్పి పంపెయ్యి’ అనే గుర్తు పెట్టించాక అనవసరమైన ట్రిప్పులు తగ్గాయి. ఓఎమ్‌ఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) ట్రాఫిక్‌లో అది చిన్న లాభం కాదు.

తెలుగులోకి మార్చడం డెవలపర్‌కి వదిలేస్తే ఏమవుతుందో కూడా చూశాం. ‘లీకేజీ’ అనే ఒకే మాట మూడు చోట్ల పడింది: మెషీన్‌లో నీళ్ళు కారడం, ఏసీలో గ్యాస్ పోవడం, బాడీకి కరెంటు తగలడం. ‘సప్లై లేదు’ అంటే నీళ్ళా, కరెంటా? ‘మోటార్ లాక్’ అని చదివి డోర్ లాక్ విప్పిన కుర్రాడిని తప్పుపట్టలేం. ఇప్పుడు ‘నీళ్ళు కారుతున్నాయి’, ‘గ్యాస్ తగ్గింది’, ‘ఎర్త్ లీకేజీ’, ‘మోటార్ బిగుసుకుంది’ అని విడివిడిగా ఉన్నాయి. మెకానిక్ నోట్లో ఉన్న మాటే స్క్రీన్ మీదా ఉండాలి. పీసీబీని ముద్రిత వలయ ఫలకం అంటే ఎవడికీ అర్థం కాదు. తమిళం మాత్రమే చదివే ఇద్దరికి వాళ్ళ భాషలో వేరే కాలమ్ ఉంది, దాన్ని వాళ్ళే సరిచూస్తారు.

సెన్సార్ కోడ్ల పేజీ మన ఊరి ఎండకి తగ్గట్టు మార్చాల్సి వచ్చింది. ఈ సెన్సార్ల రెసిస్టెన్స్ వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది, మాన్యువల్ మాత్రం 25 డిగ్రీల దగ్గర విలువ ఇస్తుంది. ఎల్‌జీ రూమ్ సెన్సార్ 10 కిలోఓమ్‌లు, పైప్ సెన్సార్ 5, డైకిన్‌వి 20. చెన్నైలో ఏసీ ఆగిపోయిన గదిలో 25 డిగ్రీలు ఎక్కడివి? 32 డిగ్రీల దగ్గర 10 కిలోఓమ్‌ల సెన్సార్ 7.4, 7.7 మధ్య చూపిస్తుంది, 20ది 15 దగ్గర. కొత్తవాళ్ళు దాన్ని పాడైందని మార్చేవాళ్ళు. ఉష్ణోగ్రత వేస్తే రావలసిన విలువ చూపే చిన్న లెక్క పెట్టించాం. డెవలపర్ తెలివిగా వాతావరణ సర్వీసు నుంచి డిగ్రీలు తెచ్చి కలిపాడు. బయటి ఎండ వేరు, లాఫ్ట్ కింద గది వేరు, దాన్ని తీసేయించాం. అనుమానం తీరకపోతే గ్లాసులో ఐసు నీళ్ళు పోసి సెన్సార్ ముంచమంటుంది: 10 కిలోఓమ్‌లది కాసేపటికి 27 నుంచి 34 మధ్య చేరి కదలకుండా నిలబడాలి. విలువ ఎగిరెగిరి పడుతుంటే సెన్సార్ కన్నా ముందు కనెక్టర్ పిన్ను చూడాలి. తిరువాన్మియూర్ ఉప్పుగాలికి ఆ పిన్నులు ఆకుపచ్చగా చిలుము పడతాయి.

ఇంటర్నెట్ లేకుండా నడవడం తప్పనిసరి. బేస్‌మెంటులో, డక్టులో సిగ్నల్ ఉండదు. పొద్దున షాపు వైఫైలో అప్‌డేట్ దిగుతుంది, అంతే. ఫోటోలు ఒక్కొక్కటి 100 కిలోబైట్ల లోపు కుదించాం. మాన్యువల్ పేజీలు స్కాన్ చేసి పెట్టొద్దు. కాపీరైటు సంగతి అటుంచితే, 5 అంగుళాల తెరమీద ఆ ఫ్లోచార్ట్ చదవడం ఎవరి వల్లా కాదు.

ఇంకా కుదరనిది ఫ్రిజ్‌ల ఎల్‌ఈడీ మిణుకుల లెక్క. డిస్‌ప్లే లేని ఇన్వర్టర్ ఫ్రిజ్‌లో వెనక బోర్డు మీద ఎల్‌ఈడీ ఇన్నిసార్లు మిణికి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలవుతుంది. మధ్యలోంచి లెక్కపెడితే 4 కాస్తా 3 అవుతుంది, పేజీ మారిపోతుంది. మిణికినప్పుడల్లా తెర మీద నొక్కితే మధ్యలో వచ్చే గ్యాప్‌ని పట్టి యాప్ తనే లెక్క కట్టే ఏర్పాటు ఉంది, కానీ వేగంగా మిణికే బోర్డుల్లో వేలు వెనకబడుతుంది. ఫోన్‌తో 10 సెకన్ల వీడియో తీసి నెమ్మదిగా చూసుకోవడమే ఇప్పటికి నమ్మదగ్గ దారి.

అప్‌డేట్ల సంగతి డబ్బు మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి. కొత్త కోడ్ ఎవరైనా రాయొచ్చు, కానీ ఇంకొకరు మీటరుతో సరిచూసి ఒప్పుకునేదాకా అది పసుపు రంగులో ఉంటుంది. ప్రతి వరుసకీ మోడల్ నంబరు, తేదీ, మాన్యువల్‌లోంచి వచ్చిందా పనిలో తేలిందా అన్న గుర్తు ఉన్నాయి. ఒక వాట్సాప్ గ్రూపులోంచి తెచ్చిన కోడ్లు గంపగుత్తగా ఎక్కించినప్పుడు ఈ గుర్తులు లేవు. ఏది ఎక్కడిదో తేల్చలేక అవన్నీ తీసేసి మొదటినుంచి ఎక్కించాల్సి వచ్చింది. ఎక్సెల్ ఫైలుగా డేటా బయటికి తీసుకునే బటన్ కూడా మొదటి రోజే అడగండి. డెవలపర్ ఫోన్ ఎత్తకపోయినా మీ కోడ్లు మీ దగ్గరే ఉంటాయి.