హైతీలో సంత బస్తా, ఫ్యాక్టరీ మిషన్

హైతీలో పెద్దగా చదువుకోని ఆడవాళ్లకు సంపాదించే దారులు తక్కువ. ఎక్కువగా కనిపించేవి రెండు.

ఒకటి సరుకు వ్యాపారం. కొండ ఊళ్లలో రైతుల దగ్గర అరటికాయలు, చిక్కుడు గింజలు కొని రాజధాని పోర్టోప్రిన్స్ చేర్చే ఆడవాళ్లను 'మదాం సారా' అంటారు. గిజిగాడి జాతికి చెందిన, గోలగోలగా అరిచే ఓ పిట్ట పేరది. లారీలో బస్తాల మీదే ప్రయాణం, రాత్రి ఆ బస్తాల పక్కనే నిద్ర. బ్యాంకు గడప ఎక్కలేని వాళ్లకు పెట్టుబడి 'సోల్' అనే చీటీ డబ్బే. వాళ్లు సరుకు దించే క్రువా దే బొసాల్ సంత ఒకప్పుడు బానిసలను అమ్మిన చోటు. అది తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు దారిలో ముఠాల టెన్షన్. ఒక్కసారి బస్తాలు పోతే చీటీ బాకీ మాత్రం మిగులుతుంది.

రెండోది బట్టల ఫ్యాక్టరీ. 2006లో హైతీ బట్టల మీద అమెరికా సుంకం మినహాయించాక ఇవి పెరిగాయి. 2012లో ఉత్తరాన కరకోల్ పారిశ్రామిక పార్కు తెరిచారు. పనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. నీడపట్టున పని, చేతికందే జీతం. కానీ 2022లో రోజుకు 1500 గూర్డ్‌లు (హైతీ డబ్బు) ఇవ్వమని రోడ్డెక్కితే ప్రభుత్వం ఖరారు చేసింది 685. అందులోంచే బస్సు ఛార్జీ, మధ్యాహ్నం తిండి. పైగా అమెరికాలో ఆర్డర్లు తగ్గితే ఇక్కడ మిషన్ ఆగుతుంది.

నా మనసు మదాం సారాల వైపే మొగ్గుతుంది. ధర చెప్పేది తనే, బేరం తెంచేది తనే. అయితే చంటిబిడ్డ ఉన్న తల్లిని ఆ లారీ ఎక్కమని నేను చెప్పలేను.