పర్లాకిమిడిలో సూపర్ మార్కెట్: సబ్బులకు సరే, చింతపండుకు కాదు

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి ఇంటి సరుకులు సూపర్ మార్కెట్లోనూ, షావుకారి కొట్టులోనూ కొంటున్నాం. ఆంధ్రా వైపు పాతపట్నం పక్కనే కాబట్టి అప్పుడప్పుడు అటూ వెళ్తాం. సూపర్ మార్కెట్లో గిట్టుబాటవుతుందా అని మా చుట్టాలు అడుగుతుంటారు. ఏ అరలో చెయ్యి పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

సబ్బులు, పేస్టు, షాంపూ అయితే ఆలోచించక్కర్లేదు. ఎమ్మార్పీ మీద ఎంతో కొంత తగ్గుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి దిగినప్పుడు, సూపర్ మార్కెట్ బిల్లులో కొత్త రేటు తొందరగానే కనబడింది. కొట్టులో పాత సరుకు పాత ధరకే కొన్నాళ్లు నడిచింది.

నూనె దగ్గర మాత్రం కళ్లజోడు పెట్టుకోవాలి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు దాని పక్కనే, చూడ్డానికి అచ్చం అలాగే ఉండే 850 గ్రాముల ప్యాకెట్లూ పెడుతున్నారు. పెద్దది 150, చిన్నది 143 అనుకోండి. ఏడు రూపాయలు మిగిలాయనిపిస్తుంది. చిన్నదాని రేటును 910 గ్రాములకు లెక్క కడితే 153 దాటుతుంది. అంటే మనమే ఎదురిచ్చాం! ప్యాకెట్ మీద గ్రాముకు ఎంత పడుతుందో కూడా అచ్చు వేయాలని ఇప్పుడు రూలుంది గానీ, ఆ అక్షరాలు చీమ తలకాయంత. ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. బిస్కెట్లు, టీ పొడి కొనేటప్పుడూ నేను చూసేది దాన్నే.

పప్పు, చింతపండు, బియ్యం అక్కడ కొనడం మానేశాం. 25 కిలోల దాకా లేబులు వేసి ప్యాక్ చేసిన బియ్యానికి, పప్పులకు 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. విడిగా తూచి ఇస్తే లేదు. బజారులో 26 కిలోల బస్తాలు ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమైందా? పైగా ప్యాకెట్లో చింతపండును ముట్టుకు చూడలేం. పైన ఎర్రగా కనబడుతుంది, విప్పితే లోపల గింజలూ పీచూ. షావుకారైతే బుట్టలోంచి ఓ రెబ్బ తుంచి చేతిలో పెడతాడు. ఒక్కోసారి, "ఇది మీకొద్దులెండి, రేపు కొత్తది దిగుతాది" అని తనే వద్దంటాడు. ఏ రాక్ చెబుతుంది ఆ మాట?

కూరగాయల సంగతి చెప్పేదేముంది, సంతకే.

నాకు ఒళ్లు మండేది మాత్రం బిల్లు దగ్గర. రాక్ మీద అతికించిన రేటు ఒకటి, బిల్లులో పడేది ఇంకొకటి. మా ఊళ్లో ఒక షాపులో ఇది చాలాసార్లు జరిగింది. అడిగితే "ఆఫర్ నిన్నటితో అయిపోయిందండి, స్టిక్కర్ తీయలేదు" అంటారు. ధర పెరిగిన స్టిక్కరు మాత్రం ఎప్పుడూ ఆలస్యం కాదు, అదేమిటో! అందుకే రాక్ రేటు ఫోన్లో ఫోటో తీసుకుని కౌంటర్ దగ్గర చూపిస్తాను. చూపిస్తే సణుక్కుంటూ దిద్దుతారు. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానంటాను. ఆ నంబరు చెప్పాక వెనకాల క్యూలో వాళ్లు కూడా తమ బిల్లు విప్పి చూసుకుంటుంటారు.