చేప లెక్టిన్లు: ప్రాజెక్టుకు ఎంబీఎల్ మేలా, ఆర్‌బీఎల్ మేలా?

ఏటా ప్రాజెక్టుల కాలం రాగానే ఫిషరీస్ పీజీ పిల్లలు ఒకే ప్రశ్నతో వస్తారు: "సార్, లెక్టిన్ మీద చేద్దామనుకుంటున్నాను, ఏది తీసుకోమంటారు?" లెక్టిన్లంటే చక్కెరలను గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లు. అడిగేసరికే వాళ్లలో సగం మంది ఎంబీఎల్ అని నిశ్చయించుకుని ఉంటారు. నా చేత సరే అనిపించుకోవడమే మిగిలి ఉంటుంది. ఈసారి అంత తేలిగ్గా అనదలచుకోలేదు.

ఎంబీఎల్, అంటే మ్యానోజ్ అనే చక్కెరను పట్టే లెక్టిన్, గట్టిదే. సూక్ష్మజీవి ఒంటి మీది చక్కెరను పట్టుకోవడంతో దాని పని అయిపోదు. కొల్లాజెన్‌ను పోలిన దాని తోకను మాస్ప్ అనే ఎంజైములు అంటిపెట్టుకుని ఉంటాయి. పట్టు చిక్కగానే అవి మేల్కొని, సూక్ష్మజీవులను మట్టుబెట్టే రక్తప్రొటీన్ల దండును, అంటే కాంప్లిమెంట్ వ్యవస్థను, కదిలిస్తాయి. మనిషి ఎంబీఎల్ మీద బోలెడు పని జరిగింది కాబట్టి థీసిస్‌లో మొదటి అధ్యాయానికి సరుకు కొరత ఉండదు. పిల్లలకు నచ్చేది అదేనని నా అనుమానం.

చిక్కు మన చేపలతోనే వస్తుంది. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు అన్నీ కార్ప్ కుటుంబానివే. ఆ కుటుంబానికే చెందిన సాధారణ కార్ప్, జీబ్రాఫిష్, గోల్డ్‌ఫిష్‌లలో ఎంబీఎల్‌ను పోలిన జన్యువును 2000లో వెలికితీశారు. మ్యానోజ్‌ను పట్టే లెక్టిన్‌లో ఈపీఎన్ అనే మూడు అమైనో ఆమ్లాల వరుస ఉండాలి. వాళ్లకు కనిపించింది క్యూపీడీ, అంటే గెలాక్టోజ్ అనే మరో చక్కెరకు గుర్తు. పేరులో మ్యానోజ్, చేతిలో గెలాక్టోజ్! రెండు రకాలూ కార్ప్ రక్తంలో ఉన్నాయనీ, రెండూ మాస్ప్‌తో జట్టుకడతాయనీ 2006లో తేలింది. ఇది చూసుకోకుండా మ్యానోజ్ కాలమ్ (లెక్టిన్‌ను వేరుచేసే గొట్టం) కొని కూర్చుంటే సగం కథ గొట్టంలోంచి కిందికి కారిపోతుంది.

పైగా దానికి కాల్షియం లేనిదే చేయి ఆడదు. ఒకసారి అలవాటు కొద్దీ చేప రక్తాన్ని ఊదా మూత ఉన్న ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) ట్యూబుల్లోకి తీశాను. కుందేలు ఎర్రకణాలు కలిపి ప్లేటు పెడితే ప్రతి గుంట అడుగునా గుండుసూది తలంత ఎర్రటి చుక్క. లెక్టిన్ పని చేసి ఉంటే కణాలు ఒకదానికొకటి అతుక్కుని గుంట అంతా చాపలా పరుచుకోవాలి. మూడు రోజులు ఎర్రకణాలను తిట్టుకున్నాక, కాల్షియాన్ని ఈడీటీఏ ఎత్తుకుపోయిందని వెలిగింది. కాల్షియం క్లోరైడ్ తగినంత కలపగానే చాప పరుచుకుంది. తప్పు నాదే గాని, ఎంబీఎల్ చేయబోయేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఆర్‌బీఎల్‌కు, అంటే ర్యామ్నోజ్‌ను పట్టే లెక్టిన్‌కు, ఈ కాల్షియం పేచీ లేదు. చాలాకాలం దీన్ని సాల్మన్, ట్రౌట్ గుడ్లలో దొరికే వింతగానే చూశారు. ర్యామ్నోజ్ బ్యాక్టీరియా పైపొరల్లో ఉండే చక్కెర, జంతువుల ఒంట్లో తయారుకాదు. కాబట్టి ఇది పరాయివాణ్ణి పసిగట్టే కాపలాదారని అనుకోవడం సహజం. నేను ఆర్‌బీఎల్ వైపు మొగ్గడానికి కారణం మాత్రం అది కాదు. పట్టు ఎవరికి పనికొస్తోంది అన్నదే నాకు అసలు ప్రశ్న.

అమెరికాలో చానెల్ క్యాట్‌ఫిష్ చెరువులకు కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా వ్యాధి పెద్ద బెడద, మొప్పలను కుళ్లబెడుతుంది. 2012లో అక్కడి పరిశోధకులు వ్యాధికి లొంగే చేపలనూ తట్టుకునే చేపలనూ పోల్చి చూశారు. ఆర్‌బీఎల్ లొంగే చేపల మొప్పల్లోనే ఎగిసింది! నీటిలో ర్యామ్నోజ్ గాని గెలాక్టోజ్ గాని కలిపితే చేపలకు రక్షణ దొరికింది. లెక్టిన్ చేయి ఆ చక్కెరతో నిండిపోయి బ్యాక్టీరియాకు పట్టు దొరకలేదన్నది వాళ్ల వివరణ. కాపలాదారు చేతినే దొంగ నిచ్చెన చేసుకున్నాడన్నమాట. ఇంకో సంగతి, ఏడు రోజులు పస్తు ఉంచిన చేపల్లో దాని జన్యు వ్యక్తీకరణ 120 రెట్లకు మించి పెరిగింది. మళ్లీ మేత పెట్టిన నాలుగు గంటల్లోనే దిగివచ్చింది.

ఇక్కడ మన హ్యాచరీలు గుర్తుకు రావాలి. చేపపిల్లను ప్యాక్ చేసే ముందు హాపాల్లో (నీళ్లలో కట్టే వల తొట్లలో) మేత మానిపించి ఉంచడం మనకు మామూలే. నీళ్లు మురికి కాకుండా అది అవసరం కూడా. ఆ పస్తు వేళ శీలావతి పిల్ల మొప్పల్లో ఆర్‌బీఎల్ ఏమవుతుందో కొలిస్తే, దాన్ని చదవడానికి గైడుతో పాటు హ్యాచరీ యజమాని కూడా కూర్చుంటాడు. ఎంబీఎల్ థీసిస్‌కు ఆ అదృష్టం తక్కువ.

గెలాక్టోజ్‌ను పట్టే మరో లెక్టిన్ కుటుంబం, గాలెక్టిన్‌ల గురించీ అడుగుతారు. వీటికీ కాల్షియం అక్కర్లేదు. సాల్మన్, ట్రౌట్‌లకు జబ్బు తెచ్చే ఐహెచ్ఎన్ వైరస్ చేప కణాలకు అంటుకోకుండా జీబ్రాఫిష్ గాలెక్టిన్‌లు అడ్డుపడతాయని చూపించారు. వైరస్ మీద పని చేసే ల్యాబ్ దొరికితే తప్పకుండా తీసుకోండి, లేకపోతే వద్దు. ఫుగు చేప చర్మపు జిగురులో వెల్లుల్లి లెక్టిన్‌కు చుట్టమైన పఫ్లెక్టిన్ ఉంది. సెమినార్‌లో చెబితే అందరూ తలెత్తి వింటారు, కానీ మనకు ఫుగు ఎక్కడిది? ఈల్ చేపలో ఫ్యూకోజ్ అనే చక్కెరను పట్టే లెక్టిన్‌దీ అదే సంగతి.

ఆర్‌బీఎల్‌కే సిద్ధపడితే ఒక్క జాగ్రత్త. ఉదయం తీసిన మొప్పనూ సాయంత్రం తీసిన మొప్పనూ ఒకే గాటన కట్టకండి. ట్యూబు మీద చేప నంబరు పక్కనే చివరి మేత ఎన్ని గంటలకు పెట్టారో కూడా రాయండి, చెరిగిపోని పెన్నుతో.