నైట్ లోర్‌తో మొదలుపెట్టాలా, హెడ్ ఓవర్ హీల్స్‌తోనా?

ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషీన్‌ని ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్‌లో, 1980ల నాటి ఇంటి కంప్యూటర్ స్పెక్ట్రమ్ గేములు ఆడటం మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మొన్న సంక్రాంతి సెలవుల్లో పన్నెండేళ్ల మా మేనల్లుడికి ఈ రెండిట్లో ఒకటి ఎంచి ఇవ్వాల్సి వచ్చింది. ఓ పూటంతా ఆలోచించాను.

నైట్ లోర్ 1984 నాటిది. అల్టిమేట్ ప్లే ద గేమ్ అనే కంపెనీ పేరుతో స్టాంపర్ అన్నదమ్ములు తెచ్చారు. 48 కిలోబైట్ల మెమరీ ఉన్న మెషీన్‌లో గది గదిగా, లోతుతో కనిపించడం, రాయి వెనక్కి వెళ్తే మనిషి దాని చాటున దాగిపోవడం ఇవాళ చూసినా అబ్బురమే. 1987లో ఓషన్ కంపెనీ విడుదల చేసిన హెడ్ ఓవర్ హీల్స్ ఆ దారిలో పుట్టిందే. ప్రోగ్రామ్ జాన్ రిట్‌మన్‌ది, బొమ్మలు బెర్నీ డ్రమండ్‌వి. దారి వేసిన గౌరవం నైట్ లోర్‌దే, అందులో వాదన లేదు. కానీ ముందు వచ్చిందే ముందు ఆడాలని లేదు.

నా మటుకు తేల్చే విషయం ఒక్కటే: గెంతు తప్పితే ఎంత పోతుంది? ఈ గేముల్లో నీడలు పడవు. గాల్లో ఉన్న రాయి దగ్గరగా ఎత్తులో ఉందో, దూరంగా నేలమీద ఉందో కంటికి తేలదు. మొదటి గెంతు తప్పడం ఆడేవాడి తప్పు కాదు. ఆ తర్వాత గేమ్ ఏం చేస్తుందన్నదే ముఖ్యం.

నైట్ లోర్‌లో మనం ఆడించే సేబర్‌మన్‌కి శాపం. రాత్రయితే తోడేలు అవుతాడు. శాపం పోవాలంటే మంత్రాల కాగు అడిగే వస్తువులన్నీ నలభై రోజుల్లో తెచ్చి వేయాలి. గడియారం ఆగదు. మారే ఆ కొద్ది క్షణాలూ చేతులు కట్టేసినట్టే, మీదికి ఏదొస్తున్నా చూస్తూ ఉండాలి. తోడేలు రూపంలో కాగు దగ్గరికి వెళ్తే అదే మీద పడుతుంది. పైగా గదిలో కదిలేవి ఎక్కువైతే గేమ్ మొత్తం నెమ్మదిస్తుంది, ఖాళీ గదిలో పరుగెడుతుంది. ఒకచోట చేతికి పట్టిన లయ ఇంకోచోట పనికిరాదు.

హెడ్ ఓవర్ హీల్స్‌లో తరిమే గడియారం లేదు. పునర్జన్మ చేపను తింటే, ప్రాణాలన్నీ అయిపోయాక అక్కడినుంచే మళ్లీ అందుకోవచ్చు. అసలు బలం మనం ఆడించే హెడ్, హీల్స్ అనే ఇద్దరిలో ఉంది. హెడ్ ఎత్తుకు ఎగురుతాడు, గాల్లో తేలుతూ దిశ సర్దుకుంటాడు. హీల్స్ వేగంగా పరుగెడతాడు, సంచి దొరికితే వస్తువులు మోస్తాడు. ఒక గదిలో చచ్చామంటే, ‘ఇది హీల్స్ పని కాదు, హెడ్‌ని తేవాలి’ అని తోస్తుంది. పోయిన ప్రాణానికి బదులుగా ఒక సంగతి తెలుస్తుంది. నైట్ లోర్‌లో చాలాసార్లు ప్రాణం మాత్రమే పోతుంది. రెండో రోజు సాయంత్రం ఆ ఇద్దరూ కలుసుకొని, హెడ్ హీల్స్ భుజాలెక్కినప్పుడు మావాడు కుర్చీలోంచి లేచి అరిచాడు.

నిడివి మాత్రం ఎక్కువే. నైట్ లోర్‌లో 128 గదులు, ఇందులో దాదాపు 300. దారులు తెలిశాక ఒక్క కూర్చోవడంలో ముగించదగ్గ గేమ్ కావాలంటే నైట్ లోరే. రంగుల విషయంలో స్పెక్ట్రమ్ మీద రెండూ ఒకటే, గదికి ఒక రంగు.

ఇదే తరహా గేములు ఇంకా ఉన్నాయి. 1985 నాటి ఏలియన్ 8 నైట్ లోర్‌కే అంతరిక్ష వేషం. రిట్‌మన్, డ్రమండ్‌ల 1986 బ్యాట్‌మన్ బాగుంటుంది గానీ, హెడ్ ఓవర్ హీల్స్ ఆడేవాళ్లకు తప్పనిసరి కాదు.

మావాడికి హెడ్ ఓవర్ హీల్స్ ఇచ్చాను. గళ్ల నోటుబుక్కులో మ్యాపు వాడే గీసుకుంటున్నాడు. నైట్ లోర్ వేసవి సెలవులకి. మీరు దాంతోనే మొదలుపెడితే, మెనూలో డైరెక్షనల్ కంట్రోల్ ఆన్ చేసుకోండి. లేకపోతే ప్రతి అడుగుకీ ముందు మనిషిని అటూ ఇటూ తిప్పుకోవడంతోనే సగం ప్రాణాలు పోతాయి.